నికొలా అపేరు

కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఆస్పరి మండలములో, కైరుప్పల యను గ్రామము కలదు. ఉగాది మరునాడు అచట జరుగు పిడకల సమరము వలన ఆ యూరి పేరు దూరప్రాంతముల వారికిని తెలిసినది. ఊరివారు రెండు పక్షములుగా నిలిచి ఒకరిపై నొకరు పిడకలు రువ్వుకొని, పిదప కలసిమెలసి యిండ్లకు పోవుదురు. ఆ ముచ్చట నటుంచుదము. ఆ ప్రాంతమున ఆస్పరి, పత్తికొండ దారుల వెంబడి కనబడు టమోటా తోటలను గూర్చి యిచట కొంత చెప్పవలసియున్నది.

తోటలన్నియు ఒక్క తరుణముననే కాపునకు వచ్చును. బజారున గంపలు కొండలవలె పేరుకొనును. ధర పడిపోవును. కోత కూలియు, బండి బాడుగయు గిట్టుబాటు కాక, రైతు తాను చెమటోడ్చి పండించిన కాయలను బాట ప్రక్కన కుమ్మరించి పోయిన దినములు కలవు. కొన్ని నెలలు గడచిన వెనుక అదే యూరి గృహిణి పావుకిలో టమోటాల కొరకు చిల్లర లెక్కపెట్టుకొనుచుండును. కాయ దండిగా నున్నప్పుడు దాచుకొను ఉపాయము లేదు. దాచుకొనవలెనని తోచునప్పటికి కాయ లేదు.

మన పెద్దలు ఈ చిక్కునకు తమకు తోచిన ఉపాయములు చేసిరి. టమోటాలను తరిగి ఉప్పు చల్లి ఎండించి ఒరుగులు పట్టుట యొకటి. ఉప్పు, చింతపండు, కారము, నూనె చేర్చి జాడిలో నిలువ పచ్చడి పెట్టుట మరియొకటి. ఇవి రెండును మంచి పద్ధతులే. కాని ఎండిన ఒరుగు పచ్చి కాయ కాజాలదు. పచ్చడిలో ఉప్పుకారముల రుచియే ముందు తగులును. పండిన కాయ యొక్క నిజమైన రుచిని ఉప్పుతో గాని, ఎండతో గాని, నూనెతో గాని మార్చక, ఏడాది పొడుగున నిలుపుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము కనుగొన్నవాడు పండితుడు కాడు, రసాయన శాస్త్రజ్ఞుడును కాడు. అతడొక వంటవాడు. అతని పేరు నికొలా అపేరు.

అపేరు 1749వ సంవత్సరము నవంబరు 17వ తేదీన ఫ్రాన్సు దేశములో షాంపేను సీమయందలి షాలోను పట్టణమున జన్మించెను. తండ్రి పూటకూళ్ల యిల్లు నడుపుచుండెను. ఇల్లు నిండ పిల్లలు. ఇతడు వారిలో తొమ్మిదవవాడు. ఇట్టి యింట పుట్టిన బాలునికి బడి చదువుకంటె ముందు పొయ్యి, నేలమాళిగ, సరకుల కొట్టు పరిచయమగుట సహజము. వంట నేర్చెను. సారాయి కాచుటకాదు గాని, యవలతో బీరు కాచు పనిని నేర్చెను. మిఠాయిలు చేయుట నేర్చెను. షాంపేను సీమ ద్రాక్షమద్యమునకు పేరు మోసినది. ఆ మద్యము సీసాలో నుండగనే పొంగి లోపలినుండి బలముగా నెట్టును. కావున అచటి సీసాలు దళసరి గాజుతో చేయబడును. బెండు బిరడాలను తీగతో బిగించి కట్టుదురు. ఆ సీసాలను, ఆ బిరడాలను, ఆ తీగకట్టును అపేరు చిన్ననాటి నుండియు చూచుచుండెను. మనము నిత్యము చూచు వస్తువులలో ఏది ఎప్పుడు అక్కరకు వచ్చునో ఎవరికి తెలియును!

యౌవనమున అతడు జర్మను సీమలోని త్స్వైబ్రుకెను ప్రభువునొద్ద పాకశాలాధికారిగా కుదిరెను. ప్రభువు 1775లో మరణించెను. పిమ్మట ఆయన భార్యయొద్దను పెక్కేండ్లు పనిచేసి, 1784లో పారిసు నగరము చేరి లోంబారు వీధిలో మిఠాయి అంగడి తెరచెను. మరుసటి యేట వివాహమాడెను. అంగడి బాగుగ సాగెను. అట్లే సాగియుండినచో అపేరు ధనవంతుడైన మిఠాయివర్తకుడుగ జీవించి, నేడు మనకు పేరైనను తెలియకుండ పోయెడివాడే.

1789లో ఫ్రాన్సు దేశమున మహావిప్లవము చెలరేగెను. అపేరు దానిలో ఉత్సాహముతో పాల్గొని, తన పేటలోని ప్రజాసంఘమున ముఖ్యులలో నొకడయ్యెను. కాని విప్లవము తన బిడ్డలనే అనుమానించు కాలము వచ్చినది. 1794లో అతనిని పట్టుకొని చెరసాలలో నుంచిరి. ఆ దినములలో చెరసాలకు పోయినవారు పలువురు తిరిగి రాలేదు, తలలు పోగొట్టుకొనిరి. అపేరు అదృష్టవశమున మూడు నెలలలో బయటపడెను. అటు తరువాత అతడు రాజకీయములకు దూరముగ జరిగి పారిసు చెంతనున్న ఇవ్రీ యను ఊరికి కాపురము మార్చెను. తన మనస్సున ఎంతో కాలముగ మెదలుచున్న ఒక ప్రశ్నను పట్టుకొని కూర్చుండెను.

మిఠాయివర్తకుడు పండ్లను చక్కెర పాకములో నిలువ చేయును. వంటవాడు మాంసమును ఉప్పులో ఊరవేయును, కూరగాయలను పుల్లనీటిలో వేయును, కొన్నిటిని ఎండించును. వీని యన్నిటిలో అపేరునకు ఆరితేరిన అనుభవము కలదు. అనుభవము కలదు గనుకనే అసంతృప్తియు కలదు. చక్కెర పండు రుచిని మ్రింగివేయును. ఉప్పు మాంసమును గట్టిపరచును. ఎండించిన కూర మరల నానవేసినను తొంటి కూర కాదు. నావికుల కష్టము మరింత ఘోరము. నెలల తరబడి సముద్రముపై తిరుగుచు, ఉప్పుమాంసమును, ఎండు రొట్టెలను తిని, పచ్చి కూరలు లేమిచే చిగుళ్లు వాచి రక్తము కారి మరణించువారు లెక్కకు మిక్కిలిగ నుండిరి.

ఇచట ఒక మాట చెప్పవలెను. నెపోలియను 1795లో బహుమానము ప్రకటింపగా అపేరు దానికొరకే ప్రయోగములు చేసెనని పెక్కు పుస్తకములలో కనబడును. విద్యార్థులారా, చరిత్ర పాఠము జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 1795లో నెపోలియను దేశమునకు పాలకుడు కాడు. అప్పటికి అతడొక సేనాని మాత్రమే. అపేరు బహుమానమునకు ఆశపడి పని మొదలిడినట్లు తలంపనక్కరలేదు. అతని చేతికి సొమ్ము వచ్చినది పదునైదేండ్ల పిమ్మట.

అతని పద్ధతి వినుటకు మిక్కిలి సులభము. నిలువ చేయదలచిన పదార్థమును సీసాలో నింపవలెను. గాలి చొరకుండ బిరడా బిగింపవలెను. సీసాను నీటిలో నుంచి ఆ నీటిని మరుగబెట్టవలెను. తగిన కాలమునకు తీసి చల్లార్పవలెను. అంతే. కాని యీ నాలుగు మాటలలోని ప్రతి మాట వెనుకను ఏండ్ల శ్రమ యున్నది. మామూలు సీసా వేడికి పగులును. దళసరి షాంపేను సీసా నిలుచును. దాని మూతి యిరుకు. పెద్ద ముక్కలు పట్టవు. కావున వెడల్పు మూతిగల సీసాలను ప్రత్యేకముగ చేయించెను. వెడల్పు మూతికి ఒంటి బెండు ముక్క చాలదు. బెండులోని సన్నని రంధ్రములగుండ గాలి చొరబడును. కావున బెండు పొరలను రంధ్రములు అడ్డముగ నుండునట్లు చేప జిగురుతో అతికించి బిరడాలు చేసెను. వానిని కొట్టి దిగవేసి, తీగతో అడ్డముగను నిలువుగను కట్టెను. ప్రతి సీసాను ముదుక గుడ్డ సంచిలో దూర్చెను. ఒకటి పగిలినచో దాని పెంకులు తక్కిన వానికి తగులకుండుట కిది యుపాయము. అటుపై పెద్ద కాగులో నిలువుగ పేర్చి, మెడవరకు నీరు పోసి, మెల్లగ వేడి చేసెను. పచ్చి బటానీలకు గంటన్నర మొదలు రెండు గంటల వరకు మరుగు కావలెను. పండ్లకు కొలది నిమిషములు చాలును. ఏ వస్తువున కెంతసేపో చెప్పగల శాస్త్రము ఆనాడు లేదు. చెడిన సీసాయే అతనికి గురువు. ఒక సీసా పొంగి బిరడా ఎగిరినచో లోప మెచటనున్నదో వెదకును. దిద్దుకొని మరల చేయును.

ఇంకొక సంగతిని అతడు గట్టిగ పట్టుకొనెను. కాయ తోటలో కోసినది మొదలు కాగులో దిగువరకు ఆలస్యము కారాదు. వాడిన కూరను ఎంత చక్కగ మూసినను వాడిన రుచియే దాగును. దీనికొరకే అతడు పారిసునకు దక్షిణమున మాసీ యను గ్రామమున భూమి సంపాదించి, బటానీలు, చిక్కుళ్లు తానే పండింపజేసి, తోట నడుమనే కర్మాగారము నెలకొల్పెను. ఉదయమున కోసిన కాయ సాయంకాలమునకు సీసాలో నుండును. ఆహారపదార్థములను మూసి నిలువచేయు కర్మాగారములలో లోకమున కిదియే మొదటిదని చెప్పుదురు.

అతడు నిలువ చేసిన పదార్థములలో టమోటా రసము ఒకటి. ఆ కాలమున ఫ్రాన్సు దేశమున టమోటాకు ప్రేమఫలమని ముద్దుపేరు. అమెరికా ఖండమునుండి వచ్చిన యీ కాయ అప్పటికి మన జిల్లాలో ఇంతగా పాతుకొనలేదు. అపేరు దానిని చేసిన విధము మన యిండ్లలో నేడును చేయదగినంత సులువైనది. బాగుగ పండి ఎర్రబారిన కాయలను కోయించి, కడిగి, నీరు ఓడ్చి, ముక్కలు చేయును. కళాయి పూసిన రాగి పాత్రలో వేసి సన్నని సెగపై కరగించును. టమోటాలో నూటికి తొంబదిపాళ్లకు మించి నీరే గనుక వేరుగ నీరు పోయనక్కరలేదు. మూడవ వంతు ఇగిరిన వెనుక గింజలు నిలుచునట్టి సన్నని జల్లెడలో వడియగట్టును. వడియగట్టిన రసమును మరల పొయ్యిపై నుంచి, మొదటి పరిమాణములో మూడవ వంతు మాత్రము మిగులువరకు చిక్కబరచును. రాతి పాత్రలలో చల్లార్చి, సీసాలకెత్తి, బిరడా బిగించి, నీటిలో ఒక్క మరుగు రానిచ్చి తీయును. ఉప్పు లేదు, చక్కెర లేదు, నూనె లేదు. నడి చలికాలమున బిరడా తీసినచో వేసవి టమోటా వాసన వచ్చును.

ఈ ఒక్క మరుగు టమోటాకు చాలుటయు, బటానీకి రెండు గంటలు కావలసి వచ్చుటయు ఏల? అపేరు దానిని అనుభవమున కనుగొనెనే గాని, కారణ మెరుగడు. కారణము టమోటాలోని పులుపు. పులుపున్నచోట హానికరమైన సూక్ష్మజీవులు పెక్కు తలయెత్తజాలవు. బటానీ, చిక్కుడు, మాంసము మొదలగువానిలో పులుపు లేదు. అట్టివానిలో నూరు డిగ్రీల మరుగుటకును చావని ఒకజాతి సూక్ష్మజీవుల బీజములు మిగిలి, గాలిలేని సీసాలో మొలకెత్తి, ప్రాణాంతకమైన విషమును పుట్టింపగలవు. ఆ విషము రంగునుబట్టి గాని వాసననుబట్టి గాని ఎల్లప్పుడును తెలియదు. ఈ సంగతి అపేరు మరణించిన అర్ధశతాబ్దమునకు గాని బయటపడలేదు. కావున నేటి కర్మాగారములలో పులుపులేని పదార్థములను ఆవిరి ఒత్తిడితో సుమారు 121 డిగ్రీల వేడికి గురిచేయుదురు. అట్టివానిని ఇంటిలో మామూలు కాగులో మరిగించి నిలువ చేయుట తగదు. టమోటాలలో కూడ కొన్ని రకములకు పులుపు తక్కువ. ఇంట రసము నిలువ చేయువారు అరలీటరు సీసాకు పావు చిన్నచెంచా నిమ్మ ఉప్పు కలిపి, వేడి రసమును వేడి సీసాలో పోసి, మూతి క్రింద అరంగుళము ఖాళీ విడిచి, కొత్త మూతతో బిగించి, సీసా మునుగునట్లు నీరు పోసి, మరుగు పట్టినది మొదలు నలువది నిమిషములు ఉంచుట క్షేమము. ఉల్లి, పచ్చిమిరప, నూనె వంటివి రసము వాడుకొనునప్పుడు చేర్చుకొనవచ్చును. ముందే కలిపినచో పులుపు పలుచబడును. మూత ఉబ్బిన సీసాను రుచియైనను చూడక పారవేయవలెను. పొయ్యి పని గనుక పిల్లలు పెద్దల ఎదుటనే చేయవలెను.

ఇక కథకు వత్తము. 1803 ప్రాంతమున ఫ్రెంచి నౌకాదళమువారు అపేరు సీసాలను బ్రెస్టు రేవున పరీక్షించిరి. మాంసరసము, చిక్కుళ్లు, పచ్చి బటానీలు మూడు నెలలుంచి తెరచి చూచిరి. కూరలు అప్పుడే కోసినట్లు తాజాగ నున్నవని అధికారులు వ్రాసిరి. 1809లో దేశీయ పరిశ్రమలను ప్రోత్సహించు సంఘమువారును పరిశీలించి మెచ్చుకొనిరి. అప్పుడు ప్రభుత్వము అతని యెదుట రెండు దారులు పెట్టెను. తన పద్ధతిపై సర్వహక్కులు పొంది, ఇతరులెవ్వరును వాడకుండ కాపాడుకొనుట యొకటి. పద్ధతి నంతయు పుస్తకముగ వ్రాసి ప్రజలకు వెల్లడించి, ప్రభుత్వ మిచ్చు 12,000 ఫ్రాంకులను గ్రహించుట రెండవది.

అప్పటికి అపేరు వయస్సు అరువదియేండ్లు. ప్రయోగములలో సొమ్మంతయు కరగిపోయినది. హక్కులు తీసికొన్నచో కోటీశ్వరుడగుటకు అవకాశమున్నది. అతడు రెండవ దారినే పట్టెను. 1810లో పుస్తకము వెలువడెను. ఒప్పందము ప్రకారము రెండువందల ప్రతులను ప్రభుత్వమున కిచ్చెను. వంటింటి యిల్లాలికి సైతము తెలియునట్లు, ఏ కూరను ఎట్లు కోయవలెనో, ఎట్లు మూయవలెనో, ఎంతసేపు మరిగింపవలెనో అందులో విప్పి చెప్పెను. దాచినది లేదు. అతడు చేసినది తెలివితక్కువ పనియని లోకవ్యవహార మెరిగినవారు కొందరు అందురు. నేను లెక్కలు చెప్పిన ఉపాధ్యాయుడను కాను గనుక లాభనష్టములు తేల్చజాలను. కాని వంటవాడైనవాడు రుచియైన వంటకమును ఒక్కడే కూర్చుండి తినలేడని మాత్రము నాకు తోచుచున్నది.

ఫలితము వెంటనే కనబడెను. అతని యింట కాదు, సముద్రమునకు ఆవల. అదే 1810లో ఇంగ్లండునందు పీటరు డ్యూరాండు అను వర్తకుడు ఇట్టి పద్ధతికే, గాజునకు బదులు తగరపు పూత పూసిన ఇనుప డబ్బాలను కూడ చేర్చి, రాజుగారివలన హక్కు పత్రము పొందెను. మరుసటి యేడు అపేరు పుస్తకమునకు ఆంగ్లానువాదము వెలువడెను. డ్యూరాండు తన హక్కును విక్రయింపగా, 1813 నాటికి డాంకిను, హాలు అనువారు లండనులో డబ్బాల కర్మాగారము స్థాపించి నౌకాదళమునకు ఆహారము సరఫరా చేయసాగిరి. ఆ డబ్బాలు ఎంత దళసరివనగా, వానిని ఉలితోను సుత్తితోను తెరవవలసియుండెను. డబ్బా తెరచు పనిముట్టును కనిపెట్టుటకు మరి నలువదేండ్లు పట్టినది! 1814లో అపేరు లండను నగరమునకు పోయి చూచెను. తన పద్ధతి అచట డబ్బాలలో వర్ధిల్లుచున్నది. అందుపై అతనికి ఏ హక్కును లేదు.

ఇంటి వద్ద ఎదురైనది అంతకంటె పెద్ద దెబ్బ. నెపోలియను ఓడిపోయెను. 1814, 1815 సంవత్సరములలో శత్రుసేనలు ఫ్రాన్సు దేశమున చొరబడెను. మాసీలోని తోటయు కర్మాగారమును పాడువడెను. ఏండ్ల కష్టము కూలిపోయినప్పటికి అతనికి అరువదియైదేండ్లు. ఆ వయస్సున సాధారణముగ మనమందరము అరుగుపై కూర్చుండి పాతకథలు చెప్పుకొందుము. అపేరు పారిసులో మరల పని మొదలిడెను. గాజును విడిచి తగరపు డబ్బాలు చేయుట నేర్చెను. మాంసరసమును బిళ్లలుగ చేయు విధమును, ఆవిరి ఒత్తిడితో వండు పాత్రలను వాడుకలోనికి తెచ్చుటకు కృషిచేసెను. తన పుస్తకమును మరల మరల దిద్ది ప్రచురించెను. 1831లో వెలువడిన ప్రతి నాటికి అతనికి ఎనుబది దాటినవి.

1822లో పరిశ్రమల సంఘమువారు అతనిని మానవజాతికి ఉపకర్తయని బిరుదిచ్చి సత్కరించిరి. బిరుదు గోడకు తగిలించుకొనవచ్చును గాని పొయ్యిలో పెట్టి వండుకొనరాదు. అప్పులు తీరలేదు. వృద్ధాప్యమున వ్యాపారము విడిచి మాసీకి చేరి బీదతనములో కాలము గడపెను. 1841వ సంవత్సరము జూను 1వ తేదీన, తొంబదియొకటేండ్ల వయస్సున, అచటనే కన్నుమూసెను. సమాధికి సొమ్ము లేనందున ఊరివారి ఉమ్మడి గోతిలో పూడ్చిరి.

ఆహారము ఏల చెడునో, మరిగించి మూసినచో ఏల నిలుచునో అతనికి తెలియకయే పోయెను. గాలిని తొలగించుటయే కారణమని ఆనాటి గొప్ప రసాయన శాస్త్రజ్ఞుడు గేలుస్సాకు అభిప్రాయపడెను. అది సరికాదు. 1860 ప్రాంతమున లూయీ పాశ్చరు, హంస మెడవంటి గొట్టముగల గాజుబుడ్డిలో రసమును మరిగించి, గాలి తగులుచున్నను, ధూళితోకూడ వచ్చు సూక్ష్మజీవులు లోపల పడనంతకాలము రసము చెడదని నిరూపించెను. వేడి ఆ జీవులను చంపును. బిరడా కొత్తవానిని రానీయదు. ఇవ్రీలోను మాసీలోను పగిలిన సీసాలను ముందు పెట్టుకొని ఒక వంటవాడు తెలిసికొన్న దానికి అర్థ మప్పుడు దొరకినది. తనకు ముందు అపేరు చేసిన పనిని పాశ్చరు పేర్కొని గౌరవించెను.

1824లో ఉత్తరధ్రువ సముద్రమునకు పోయిన ఆంగ్ల నౌకలతో వెళ్లిన ఒక డబ్బా తెరవకయే నిలిచిపోయి, నూరేండ్లకు పైబడిన తరువాత విప్పి పరీక్షింపగా అందలి మాంసము చెడకుండ నుండెను. 1955లో ఫ్రాన్సు ప్రభుత్వము తమ దేశపు శోధకుల పేర తపాలా బిళ్లలు వెలువరించినప్పుడు వానిలో ఒకటి నికొలా అపేరునకు కేటాయించెను. నేడు అతని పద్ధతిని ఫ్రెంచివారు అతని పేరనే పిలుతురు.